ముందు చూడుడి, తరువాత కట్టుడి



నెహెమ్యా యెరూషలేము చేరిన వెంటనే రాయి ఎత్తలేదు. మూడు దినములు ఆగి, రాత్రివేళ కొద్దిమందితో బయలుదేరి, గోడ ఎక్కడ కూలినదో, ఏ గుమ్మము కాలినదో తానే తిరిగి చూచెను. తరువాతనే జనులతో మాటలాడెను (నెహెమ్యా 2వ అధ్యాయము). ప్రార్థించినవాడే పరిశీలించెను కూడ. కష్టములోనున్నవారికి సహాయము చేయగోరు మనకు ఈ క్రమము అవసరము.

1971లో బంగ్లాదేశ్ యుద్ధము వలన లక్షలాదిమంది శరణార్థులు పశ్చిమ బెంగాలునకు వచ్చిరి. సరిహద్దులోని బన్‌గావ్ ఆసుపత్రిలో కలరా రోగులు నేలమీద పడియుండిరి. ఎక్కించుటకు సెలైను చాలలేదు. అప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ గ్లూకోజు, ఉప్పు, వంటసోడా తగుపాళ్లలో నీట కలిపి త్రాగించెను. ఇది గ్రుడ్డిగా చేసిన పని కాదు. చక్కెర కలిసిన ఉప్పునీరు కలరా రోగి ప్రేగులలో ఇంకునని కలకత్తా, ఢాకా పరిశోధనలు ముందే చూపెను. అయితే నర్సులు చాలని చోట, తల్లియో అన్నయో గ్లాసుతో పట్టించినను రోగి బ్రదుకునా? ఆయన లెక్క వ్రాసి ఉంచెను. నూటికి 30 వరకున్న మరణములు ఆయన బృందము చూచినవారిలో 4కు లోపు తగ్గెను. 1973లో ఆ లెక్కలు అచ్చయినవి. నేడు మన ఊరి ఆశా కార్యకర్త ఇచ్చు ఓ.ఆర్.ఎస్. పొట్లము వెనుక ఆ లెక్క ఉన్నది.

1994లో రువాండానుండి గోమాకు పారిపోయిన శరణార్థులలో ఒక్క నెలలోనే సుమారు 50,000 మంది, ఎక్కువగా కలరా, విరేచనముల వలన చనిపోయిరి. శిబిరములో మనిషికి దినమునకు కనీసము 15 లీటర్ల నీరు, 20 మందికి ఒక మరుగుదొడ్డి కావలెనని నేడు సహాయ సంస్థలు పాటించు కొలతలు ఇట్టి కన్నీటి పాఠములనుండి పుట్టినవే.

ఎల్‌బీ నగర్ కూడలికి కొద్ది కిలోమీటర్ల దూరమున, బాలాపూర్‌లో, మ్యాన్మార్ విడిచివచ్చిన రోహింగ్యా కుటుంబములు గుడిసెలలో నివసించుచున్నవి. వారు మన సంఘస్థులు కారు. మంచి సమరయుడు గాయపడినవాని కులమతములు అడిగెనా? దుప్పట్లు పంచుట మంచిదే. గాని భాష రాక ఆసుపత్రికి వెళ్లలేని గర్భిణి ఒక గుడిసెలో ఉన్నయెడల, దుప్పటి ఆమెను కాపాడునా?

మీ ఊరికి వరద వచ్చినను, ఇటుక బట్టీలకు వలస కూలీలు వచ్చినను, మొదట ఒక నోటుపుస్తకముతో వెళ్లుడి. ఐదేండ్లలోపు బిడ్డలెందరు, టీకాలు పడినవా? గర్భిణులెందరు? త్రాగునీరు ఎక్కడిది? మరుగుదొడ్లెన్ని? గత నెలలో ఎవరైనను చనిపోయిరా, దేనివలన? స్త్రీలను మన సహోదరీలే అడుగవలెను. ఆ లెక్కను ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు డాక్టరు గారికి చూపి, ఏది ముందు చేయవలెనో కలిసి నిర్ణయించుడి. వారి పేర్లు, కార్డుల నంబర్లు మాత్రము ఎవరికిని ఇయ్యకుడి. అవి బయటపడిన భయముతో వారు ఆసుపత్రికే రాకపోవచ్చును. మందు ఇచ్చి, బదులుగా ప్రార్థనకు రమ్మని అడుగకుడి. మరుసటి నెల తిరిగి వెళ్లి, ఏమి మారినదో చూడుడి.

ప్రేమకు లెక్కలెందుకు అని కొందరందురు. ప్రభువు చెప్పిన ఉపమానములో కాపరి గొఱ్ఱెలను లెక్కించినందుననేగదా ఒకటి తప్పిపోయెనని ఎరిగెను! ఆ ఒక్కదానిని వెదకు మనస్సు ప్రభువు మనకందరికి దయచేయును గాక. ఆమేన్.