ఇరవై డాలర్ల తుపాకి

ఆలివర్ స్టోన్ తీసిన ‘జె.ఎఫ్.కె.’ (1991) చూశారా? ఆ పాత తుపాకి అంత తక్కువ టైములో మూడుసార్లు పేలుతుందా అని అందులో కెవిన్ కాస్ట్నర్ బృందం తెగ తర్కిస్తుంది. నా మనసు మాత్రం దాని ధర మీదికే పోయింది!

అది 1940లో ఇటలీ సైన్యానికి తయారైన కార్కానో. యుద్ధం ముగిశాక ఇలాంటి మిగులు సరుకుని అమెరికా వ్యాపారులు చవగ్గా కొని, పత్రికల్లో ప్రకటనలిచ్చి అమ్మేవారు. 1963 మార్చిలో లీ హార్వే ఆస్వాల్డ్ దొంగపేరుతో కూపన్ నింపి పంపాడు. గురి చూసే దుర్భిణితో సహా 19 డాలర్ల 95 సెంట్లు! తుపాకి పోస్టులో వచ్చింది. నవంబరు 22న డాలస్‌లో కెనెడీ కూలిపోయాడు.

1968 చట్టం ఆ పోస్టు బేరాన్నీ, మిగులు తుపాకుల దిగుమతినీ ఆపింది. 1984లో పాతవాటి దిగుమతికి మళ్ళీ తలుపు తీశారు. యాభై ఏళ్ళు దాటిన తుపాకులు సేకరించేవాళ్ళకి అక్కడ వేరే లైసెన్సుంది. వాటి మీద ముద్రలూ, నంబర్లూ చదువుకుని మురిసిపోతారు. మురవనివ్వండి, చరిత్రే కదా!

కానీ ఒక్కమాట. పాత నాణెం బజార్లో చెల్లదు. ముద్రపడ్డ స్టాంపు పోస్టులో చెల్లదు. తుపాకి మాత్రం ఎంత పాతబడ్డా చెల్లుతుందండీ! అందుకే అమ్మేవాడు కొనేవాడి అసలుపేరు అడిగి తీరాలి.