కలి దూరిన సందు
పావగడ శనైశ్చరాలయంలో నువ్వులనూనె దీపం పెట్టే భక్తుడు కష్టానికి మూలం గ్రహంలో ఉందని నమ్ముతాడు, సమాజమే మనిషిని చెడగొడుతుందనే ఆధునిక కథకుడు ఆ మూలాన్ని వ్యవస్థలో చూపిస్తాడు; ఇద్దరూ దాన్ని మనిషికి వెలుపలే నిలుపుతారు. తిరునల్లారు శనిక్షేత్రంతో ముడిపడినదీ, నన్నయ అరణ్యపర్వంలో తెనిగించినదీ అయిన నలోపాఖ్యానం ఇంతకంటె నిక్కచ్చిగా ఆలోచించింది. కలి, అంటే మనిషిని ఆవహించి బుద్ధిని చెరిచే కలియుగాధిదేవత, మహాభారతం ప్రకారం 12 ఏళ్లు పొంచి ఉండి, నలమహారాజు కాళ్లు కడుక్కోకుండా సంధ్య వార్చిన నాడు మాత్రమే అతనిలో ప్రవేశించగలిగాడు. చెడు బయటిదే అయినా దానికి సందు లోపలే దొరికింది. చర్చ సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది గాని, కథ గొప్పతనం నిజంగా చివరి ఘట్టాల్లో ఉంది. భార్య దమయంతిని అడవిలో విడిచింది తాను కాదనీ, ఆ పని కలిదేననీ ఆమెకు చెప్పుకున్న నలుడు, ఋతుపర్ణ మహారాజు వద్ద నేర్చిన అక్షహృదయంతో, అంటే పాచికల మర్మం తెలిపే విద్యతో, రాజ్యాన్ని తిరిగి గెలిచాక, జూదంలో ఓడించి తనను అడవుల పాలు చేసిన తమ్ముడు పుష్కరుణ్ని శిక్షించలేదు. తాను కోరుకున్న మినహాయింపునే అతనికీ ఇచ్చి, జరిగినదంతా కలి చేసిన పనేనని చెప్పి, అతని భాగాన్ని అతనికి అప్పగించి, ఆలింగనం చేసుకుని సొంత ఊరికి పంపాడు.