ఒకటో తరగతి కాళ్ళు నేలకు ఆనాలి

పిల్లల వెన్నెముక మాటెత్తితే అందరికీ ముందు గుర్తొచ్చేది పుస్తకాల సంచీ. 1989లో ఆర్.కె.నారాయణ్ రాజ్యసభలో తొలిసారి మాట్లాడినప్పుడు ఎంచుకున్న విషయం ఆ మోతే. తర్వాత యశ్‌పాల్ కమిటీ వచ్చింది, 1993లో నివేదిక ఇచ్చింది. ఒకటి, రెండు తరగతుల సంచీ కిలోన్నర దాటకూడదని 2017లో తెలంగాణ ప్రభుత్వం ఉత్తర్వు తీసింది. పిల్లవాడి బరువులో పదో వంతు మించొద్దని 2020లో కేంద్రం చెప్పింది. మా వీధి మలుపులో స్కూలు ఆటో ఎక్కే పిల్లల్ని చూస్తే ఆ కాగితాలకు పట్టిన గతి తెలిసిపోతుంది. అయినా, సంచీ వీపున ఉండేది ఏ పావుగంటో. బెంచీ మీద మాత్రం పూటంతా కూర్చోవాలి. ఆ బెంచీ గురించి అడిగే నాథుడే లేడు.

నేను డ్రిల్లు మాస్టారిని. గుంటూరు జిల్లా హైస్కూళ్ళ మైదానాల్లోనే సర్వీసంతా గడిచింది. ఆ మధ్య మా కోడలికి తీరిక లేక మనవడి పేరెంట్స్ మీటింగుకు నేను వెళ్ళాను. వాడిది ఒకటో తరగతి. "కుదురుగా కూర్చోడండీ, ఒకటే కదులుతాడు, బల్ల మీద వాలిపోతాడు" అంది టీచరమ్మ. వాణ్ణి బెంచీ మీద కూర్చోబెట్టి చూశాను. కొలిస్తే బెంచీ ఎత్తు 17 అంగుళాలు. బూట్లతో కలిపి వాడి మోకాలి మడత నుంచి మడమ దాకా 12. అంటే నాన్న చెప్పుల్లో కాళ్ళు పెట్టిన పిల్లాడిలా, వాడు నాకు సరిపోయే బెంచీ మీద కూర్చున్నాడు.

కాళ్ళు గాల్లో వేలాడుతుంటే బెంచీ అంచు తొడల కింద ఒరుసుకుంటుంది. అది ఓర్చుకోలేక పిల్లాడు ముందుకు జరుగుతాడు. నడుముకు ఆనుడు పోతుంది, వీపు గూనిలా వంగుతుంది. రాసే బల్ల ఛాతీ దాకా ఉంటే భుజాలు చెవుల దాకా ఎగదన్నుకుంటాయి, లేదా తల బల్ల మీదికి వాలిపోతుంది. ఇక వాడు కదలడం అంటారా, ఆ ఒంటికి తెలిసిన వైద్యం అదొక్కటే. "నిటారుగా కూర్చో" అని వందసార్లు అరిచినా కాళ్ళ కింద నేల లేని పిల్లాడు రెండు నిమిషాలకు మించి కూర్చోలేడు.

యూరప్‌లో బడి కుర్చీలను పిల్లల ఎత్తును బట్టి రకరకాల సైజుల్లో చేస్తారు, ఒక్కో సైజుకు ఒక్కో రంగు గుర్తు ఉంటుంది. మనం అంత దూరం పోనక్కర్లేదు. వడ్రంగిని పిలిచి బెంచీ కాళ్ళకు అడ్డంగా ఒక చెక్క కొట్టిస్తే పాదాలు దాని మీద ఆనుతాయి. బల్ల ఎత్తు తగ్గించడానికి కాస్త ఖర్చవుతుంది, అదీ ఒక్కసారే. పాతకాలంలోలా నేల మీద కూర్చోబెడితే అన్నీ సర్దుకుంటాయనే పెద్దలతో మాత్రం నేను ఏకీభవించను. ఒళ్ళో పలక పెట్టుకుని రాసే పిల్లాడి నడుము ఇంకా వంగుతుంది.

ఇంకో సంగతి ఉంది. దాన్ని సంచీకీ బెంచీకీ ముడిపెట్టకూడదు. డ్రిల్లులో పిల్లలు వంగి కాలివేళ్ళు ముట్టుకుంటుంటే నేను వెనక నిలబడి వీపులు చూసేవాణ్ణి. ఒకసారి ఎనిమిదో తరగతి అమ్మాయికి కుడివైపు పక్కటెముకలు ఎడమవైపు కన్నా పైకి లేచి కనిపించాయి. వంకరగా నడుస్తోందని తల్లి రోజూ తిట్టేదట. ఎముకల డాక్టరు ఎక్స్‌రే తీయించి స్కోలియోసిస్ అన్నారు. వెన్ను పక్కకు ఒరిగే ఈ జబ్బు ఎక్కువమందిలో ఎందుకొస్తుందో తెలియదు. పదేళ్ళు దాటి పొడుగు సాగే వయసులో బయటపడుతుంది, ఆడపిల్లల్లో ముదిరే అవకాశం ఎక్కువ. ఎదుగుదల ఆగకముందే కనిపెడితే బెల్టుతో చాలావరకు ఆపొచ్చు. ఆ అమ్మాయికి బెల్టు వేశారు. పిల్లను ముందుకు వంచి వెనక నుంచి చూడటానికి నిమిషం చాలు, ఇంట్లో తల్లయినా చూడొచ్చు.

కానీ బడిలో చూసేదెవరు? మా మనవడి టైంటేబుల్లో వారానికి రెండు గేమ్స్ పీరియడ్లున్నాయి. ఏం ఆడారని అడిగితే "లెక్కల టెస్ట్ రాశాం తాతయ్యా" అన్నాడు. అయిదేళ్ళు దాటిన పిల్లలు రోజుకు గంటసేపు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వెన్నును నిలబెట్టే కండలకు బలం వచ్చేది ఆ గంటలోనే. విద్యాహక్కు చట్టం 2009లోనే బడికి ఆటస్థలం ఉండాలని రాసింది. అపార్టుమెంటులో నడిచే బడికి అదెక్కడుందో తనిఖీకి వచ్చే అధికారులు అడిగి రాసుకోవాలి. పనిలో పనిగా ఒకటో తరగతి గదిలోకి వెళ్ళి బెంచీ ఎత్తు కూడా కొలిచి, ఆ అంకెను రిపోర్టులో వేయాలి. కరస్పాండెంటు గారు ఫీజు పెంచేటప్పుడు చూపించే ఖర్చుల పట్టికలో నాలుగు చెక్కలకు చోటు దొరక్కపోదు.