పందుల పేరు చెప్పి తుపాకీ ఎవరి చేతికి?

మొన్న మా వైపు ఒక గ్రామసభలో పెద్దరైతులు లేచి తీర్మానం చదివారు. అడవి పందులు చెరుకు తోటలు తవ్వేస్తున్నాయి, మొక్కజొన్న గింజ మిగలడం లేదు, కాబట్టి పంట కాపలాకి తుపాకీ లైసెన్సులు ఇప్పించాలట. చప్పట్లు కొట్టారు. వెనకాల కింద కూచున్న మనవాళ్ళూ కొట్టారు. నాకు మాత్రం చేతులు రాలేదు. ఎందుకు రాలేదో రాస్తున్నాను. చదువొచ్చినవాళ్ళు రానివాళ్ళకి చదివి వినిపించండి.

పందుల బాధ అబద్ధం కాదు. సబ్బవరం, చోడవరం, మాడుగుల వైపు చెరుకు వేసినవాణ్ణి అడగండి. ఇటు కంబాలకొండ అంచు ఊళ్ళలో అడగండి. రాత్రి మంద దిగిందంటే తెల్లారేసరికి మడి దుక్కి దున్నినట్టుంటుంది. అయితే ఆ చేలో రాత్రిళ్ళు కాపలా ఉన్నదెవరు? మా అయ్య పాలేరు. మంచె మీద వడిసెల పట్టుకుని, డబ్బా వాయించుకుంటూ తెల్లవార్లూ కూచునేవాడు. కామందు తుపాకీ ఇంట్లో మేకుకి వేలాడేది. పంట కాపలాకని తెచ్చుకున్న తుపాకీయే. నేను పుట్టి బుద్ధెరిగాక అది ఒక్క పంది మీద పేలగా చూళ్ళేదు. కూలి రేటు పెంచమని మన పేట అడిగినప్పుడు, ఓట్లు వచ్చినప్పుడు అరుగు మీదికి వచ్చేది. నూనె గుడ్డతో మెల్లగా తుడిచేవారు. పేల్చక్కర్లేదు కదా, తుడిస్తే చాలు.

ఇప్పుడు చట్టం సంగతి. 1878లో తెల్లవాడు ఆయుధాల చట్టం తెచ్చి జనం చేతిలోంచి తుపాకీ లాక్కున్నాడు. దొరలకీ పెద్ద జమీందార్లకీ మినహాయింపులిచ్చాడు. మన్యంలో తిరగబడినవాళ్ళకి తుపాకీ ఎక్కడ దొరికింది? 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తెచ్చుకుంటేనే దొరికింది. స్వరాజ్యం వచ్చాక 1959లో కొత్త చట్టం చేశారు. దాని 13వ సెక్షనులో పంట కాపలాకి మూతిలోంచి మందు కూరే తుపాకీ ఇవ్వొచ్చని ఉంది. అది చాలదని అధికారి అనుకుంటే లోపల గాడి లేని నున్నటి గొట్టం తుపాకీ, తూటా వేసి పేల్చేది, ఇవ్వొచ్చని కూడా ఉంది. బాగానే ఉంది. కానీ పంట నాది అని చూపించాలి గదా! పాసుపుస్తకం ఎవరి దగ్గరుంది? కౌలుకి చేసేవాడికి 2019 చట్టం కింద సాగుదారు హక్కు పత్రం కావాలన్నా భూమిగలాయన సంతకం కావాలి. కౌలు కాగితం మీదే సంతకం పెట్టనివాడు తుపాకీ దరఖాస్తు మీద పెడతాడా?

ఇదే చట్టం మన్యంలో గిరిజనుడి దగ్గరికెళ్తే ఎలా మారిపోతుందో చూడండి. తాతలనాటి నాటు తుపాకీ చూరులో దొరికితే కేసు. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీకి శిక్ష రెండేళ్ళకి తక్కువ లేదు, అయిదేళ్ళ దాకా. అతనిదీ పంటే, అతని చేలో దిగేదీ పందే.

పోనీ, తుపాకీ వస్తే పంది పోతుందా? తీర్మానంలో అడిగింది చిన్న బోరు తుపాకీ, గుళ్ళ తూటా. ఆ తూటాలో ఒక్క గుండు ఉండదు, ఆవగింజల్లాంటి సీసం గుళ్ళు ఉంటాయి. గొట్టం దాటగానే విచ్చుకుని చెదిరిపోతాయి. ఎలకకీ పిట్టకీ దగ్గర్నుంచి కొడితే పని చేస్తుంది. విదేశాల్లో గాదెల దగ్గర, తోటల్లో అందుకే వాడతారు. అడవి పంది తోలు, దాని కింద కొవ్వు ఎంత మందమో కోసినవాళ్ళకి తెలుసు. ఆ గుళ్ళకి చావదు. గాయపడి తిరగబడుతుంది. అప్పుడు పొదలు కొడుతూ దాన్ని తోలుకొచ్చేది ఎవరు? మంచె మీద తుపాకీతో ఆయన, కింద కర్రతో మన కుర్రాళ్ళు. కోర ఎవరి తొడలో దిగుతుందో నేను చెప్పాలా?

ఈ గుళ్ళు పందిని చంపకపోయినా మనిషిని గుడ్డివాణ్ణి చేస్తాయి. 2016లో కాశ్మీరులో గుంపుల మీద పేల్చినవి ఇలాంటి గుళ్ళే. వందలమంది కళ్ళలో దిగాయి, చాలామందికి చూపు పోయింది, వాళ్ళలో బడి పిల్లలున్నారు. మన దేశంలో పోలీసులకీ జైలు కాపలావాళ్ళకీ తెల్లవాడు ఇచ్చిన 410 మస్కెట్టు కూడా గాడి లేని గొట్టమే. ఇషాపూరు ఫ్యాక్టరీలో సైన్యం రైఫిలుని మార్చి చేసేవారు. చిన్న బోరు అనగానే చిన్న ప్రమాదం అనుకోకండి.

తుపాకీ లేదు గనక కరెంటు తీగ పెడుతున్నాం అంటారు. ఈ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా చుట్టం ఒకాయన తెల్లారుజామున బయటికెళ్ళి గట్టు మీద తీగ తగిలి పోయాడు. పంచాయితీలో ఆ రైతు మనిషి అన్న మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది: "పందికెట్టినాం గానీ మనిషికెట్నేదు బావూ, ఏటి సేస్తాం?" ఎంతో కొంత ఇచ్చి వేలిముద్ర వేయించుకున్నారు. మెయిన్ లైను నుంచి దొంగ కరెంటు లాగి, చీకట్లో, మనుషులు నడిచే గట్టు మీద పరిచినవాడికి మనిషి చస్తాడని తెలీదా? తెలిసి చేసిన పనికి 2024 జూలై నుంచి వచ్చిన న్యాయ సంహితలో 105 సెక్షను ఉంది. నిర్లక్ష్యమని 106 రాసి ఊరుకుంటే ఒప్పుకోకండి. స్టేషనులో ఏ సెక్షను రాశారో ఎఫ్.ఐ.ఆర్. కాపీ అడిగి చూడండి, అది ఉచితంగా ఇవ్వాలి.

మన పిల్లల్లో కొందరు నాతో వాదిస్తారు: "మేష్టారూ, అయితే మనకీ ఇమ్మని అడుగుదాం." ఆ కోపం నాకు తెలుసు. అంబేద్కర్ 1936లోనే 'కుల నిర్మూలన'లో చెప్పాడు, చాతుర్వర్ణ్యం కింది కులాలకి ఆయుధం లేకుండా చేసింది గనకే వాళ్ళు తిరగబడలేకపోయారని. 1997 డిసెంబరు 1న బీహారు లక్ష్మణ్‌పూర్ బాతేలో భూస్వాముల రణవీర్ సేన తుపాకులతో వచ్చి 58 మందిని చంపింది. అక్కడ ఆ తుపాకులు పందుల మీదికి రాలేదు.

ఈ కుర్రాళ్ళకీ, తీర్మానం రాసిన పెద్దలకీ తెలియని రూలు ఒకటుంది. అత్యాచారాల నిరోధక చట్టం కింద 1995లో చేసిన నిబంధనల్లో మూడోది. అత్యాచారం జరిగే అవకాశం ఉందని గుర్తించిన చోట అవసరమైతే ఎస్సీ ఎస్టీలు కానివాళ్ళ తుపాకీ లైసెన్సులు రద్దు చేసి, ఆయుధాలు సర్కారు గిడ్డంగిలో పెట్టించాలి. వాళ్ళ బంధువులవీ, నౌకర్లవీ, స్నేహితులవీ కూడా. లైసెన్సు లేనివి పట్టుకోవాలి. అవసరమనుకుంటే ఎస్సీ ఎస్టీలకి లైసెన్సు ఇవ్వాలి. మూడూ అక్కడే ఉన్నాయి. మన జిల్లాలో ఏ ఊళ్ళని గుర్తించారు, ఎన్ని లైసెన్సులు రద్దు చేశారు, ఎవరైనా అడిగారా? కొత్త లైసెన్సుల మాట ఎత్తేముందు ఈ లెక్క బయట పెట్టమనండి. ఇంటింటికీ తుపాకీ రావాలని నాకు లేదు. మా అయ్య మంచె కింద నిద్రపోయినవాణ్ణి, ఆ అరుగు మీద తుడిచే చప్పుడు మళ్ళీ వినాలని లేదు, అంతే.

పందుల్ని చంపాల్సి వస్తే 1972 వన్యప్రాణి చట్టం 11వ సెక్షను కింద అటవీ అధికారి అనుమతి ఇవ్వొచ్చు. తెలంగాణలో 2021లో ఆ అధికారం సర్పంచులదాకా ఇచ్చారు. అటవీ శాఖ మనిషి వచ్చి, పెద్ద గుండుతో, పద్ధతిగా కొట్టాలి. ఇక్కడో తమాషా ఉంది. చచ్చిన పంది సర్కారు ఆస్తి. ముక్క కూర వండుకుంటే మన మీద కేసు. పోయిన పంట మాత్రం సర్కారుది కాదు, కౌలుదారుడిది! నష్టపరిహారం పాసుపుస్తకం గలాయన ఖాతాలో పడితే అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టినవాడికి ఏం మిగిలింది? పరిహారం సాగు చేసినవాడికే ఇవ్వాలి. చేను చుట్టూ కంచెకి డబ్బివ్వాలి. రాత్రి కాపలా కూలి పగటి కూలికి తక్కువ ఉండకూడదు.

స్టీలు ప్లాంటుకి భూములు పోయి ఆర్-కార్డు పట్టుకుని తిరిగిన కుటుంబాల పిల్లలు ఇవాళ విశాఖలో అపార్టుమెంట్ల ముందు కర్రతో వాచ్‌మెన్లు. బ్యాంకు దగ్గర తుపాకీతో నిలబడేవాడికి జీతం ఎక్కువ, కానీ తుపాకీ సొంతదై, లైసెన్సుండాలి. లైసెన్సు అంటే ఉద్యోగం కూడానని అప్పుడు తెలిసొచ్చింది మనకి. అదీ లెక్కలో వేసుకోండి.

వచ్చే సోమవారం కలెక్టరాఫీసు అర్జీల రోజు. మూడో నిబంధన గురించి అర్జీ రాసి ఉంచాను. తీగ తగిలి మనిషి పోయిన ఇళ్ళవాళ్ళు ఎఫ్.ఐ.ఆర్. కాపీ, పోస్టుమార్టం కాగితం తెచ్చుకోండి. కౌలుదారులు ఏ కాగితమూ లేకపోయినా రండి. సర్వే నంబరు నోటితో చెబితే నేను రాస్తాను. తొమ్మిదింటికల్లా గేటు దగ్గర ఉంటాను.