సర్దుకునే ముందు ఒకసారి చూడండి

నాది ఎడమచేతి వాటం. మౌసు ఎడమవైపు పెట్టుకుంటే చూపుడువేలు కుడి బటన్ మీద పడేది. "అలవాటు చేసుకోవాలిలే" అని కుడిచేత్తోనే తంటాలు పడ్డా. చిన్నప్పటి నుంచీ విన్న మాటే కదా!

మొన్న మా పాప లినక్సులో ఎక్స్‌ఎఫ్‌సీఈ సెట్టింగులు తెరిచింది. మౌసు దగ్గర ఎడమచేతి వాటం అనే ఎంపిక ఉంది! పెట్టేశా. డబుల్ క్లిక్ వ్యవధి పెంచా. విండో మేనేజర్‌లో ఫోకస్ మార్చితే, బాణం ఏ విండో మీదికెళ్తే అదే పనిలోకొస్తోంది. అయిదు నిమిషాల పని. నచ్చకపోతే పాతదే పెట్టుకోవచ్చు.

సర్దుకుపోవడం మంచి గుణమే. కానీ మార్చుకునే వీలుందేమో చూడకుండానే సర్దుకుపోతే ఎట్లా? ముదిగుబ్బలో ఈ ఇంటికొచ్చినప్పటి నుంచీ వంటగట్టు నాకు ఎత్తే. నిన్న రాత్రి మా ఆయనతో చెప్పేశా.