ఊరక కూర్చున్న పది నిమిషాలు

మన ఇండ్లలో ఎవరైనా ఊరక కూర్చుంటే చూచేవారికి నోరు ఊరకుండదు. "పనీ పాటా లేదా?" అంటారు. కోడలు అరుగుమీద కాసేపు కూర్చుంటే ఆ మాట ఇంకా త్వరగా వస్తుంది. అందుకే చాలామంది స్త్రీలు చేతిలో చేట పెట్టుకొనే కూర్చుంటారు, బియ్యంలో రాళ్లు లేకపోయినా సరే!

అయితే ఆ ఊరక కూర్చోవడంలో మెదడు పని చేస్తూనే ఉంటుంది. స్కాట్లాండులోని ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో మికేలా డ్యూవర్, ఆమె తోటి పరిశోధకులు 61 నుండి 87 ఏండ్ల వయసుగల 33 మందికి రెండు చిన్న కథలు వినిపించారు. ఒక కథ విన్న తరువాత పది నిమిషాలు చీకటి గదిలో కళ్లు మూసుకొని ఊరక ఉండమన్నారు. రెండవ కథ తరువాత కంప్యూటరులో బొమ్మల మధ్య తేడాలు కనిపెట్టే ఆట ఆడించారు. ఏడు దినాల తరువాత అడిగితే, ఊరక ఉండకముందు విన్న కథే వారికి ఎక్కువగా జ్ఞాపకమున్నది. 2012లో ఈ ఫలితాలు ప్రచురించారు.

కారణం మన వంటింట్లోనే ఉన్నది. తోడు వేసిన పాలగిన్నెను కదిలిస్తూ ఉంటే పెరుగు గట్టిగా తోడుకోదు గదా! కొత్తగా విన్న సంగతి మెదడులో కుదురుకోవడానికీ కొంత నిలకడ కావాలి. వెంటనే మరొక సంగతి వచ్చి పడితే మొదటిది చెదరిపోతుంది. కాబట్టి పిల్లలు పాఠం చదివి ముగించగానే టీవీ పెట్టకండి, ఫోను చేతికివ్వకండి. కొంతసేపు వరండాలో కూర్చోనివ్వండి. ఆదివారం విన్న ప్రసంగం సోమవారానికి గుర్తుండడం లేదనే పెద్దలకు కూడా ఇదే సలహా.

ఇది చెప్పినంత సులభం కాదు. అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయంలో తిమోతి విల్సన్ బృందం కొందరిని 15 నిమిషాలు ఒంటరిగా గదిలో కూర్చోబెట్టింది. కావాలంటే కరెంటు షాకు ఇచ్చుకొనే మీట ఒకటి మాత్రం ఉంచింది. 18 మంది పురుషులలో 12 మంది, 24 మంది స్త్రీలలో 6 మంది కనీసం ఒకసారైనా ఆ మీట నొక్కుకొన్నారని 2014లో ప్రకటించారు. ఊరక ఉండలేక చేసిన పని ఇది! గనుక మొదట మూడు నాలుగు నిమిషాలతో ఆరంభిస్తే చాలు.

ఒక్క జాగ్రత్త. ఆప్తులను పోగొట్టుకొన్నవారికి, దిగులుతో కృంగియున్నవారికి ఒంటరిగా కూర్చుంటే అదే ఆలోచన గిర్రున తిరుగుతూ ఉంటుంది. అట్టివారికి ప్రక్కన మనిషి కావాలి. నిద్ర, ఆకలి లేక రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే డాక్టరుకు చూపించాలి. 2022లో ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇక ఇల్లాలి సంగతి. మధ్యాహ్నం గిన్నెలు తోమిన తరువాత ఆమెకు ఆ పది నిమిషాలు దొరకాలంటే, అంతసేపు చంటిబిడ్డను ఎత్తుకొనేది భర్తో, అత్తగారో ముందుగానే ఇంట్లో మాట్లాడుకోవాలి.