కొటేషన్‌లో మొదటి వరుస హార్డ్ డిస్క్‌ది

టీవీకి కలుపుకొని సినిమాలు చూసేందుకు మొదటిసారి కంప్యూటర్ కట్టించుకునేవారు సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్లినా, ఊళ్లోని అసెంబ్లింగ్ షాపుకు వెళ్లినా గేమింగ్ కంప్యూటర్‌కు రాయించినట్టే కొటేషన్ రాయించుకుంటారు. ముందు ప్రాసెసర్, తర్వాత గ్రాఫిక్స్ కార్డ్, మిగిలిన డబ్బులో క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్, చివరికి హార్డ్ డిస్క్. ఈ వరుసను తిరగెయ్యాలి. ఓటీటీ చూడటం ఒక్కటే పనైతే అసలు కంప్యూటరే అక్కర్లేదు, టీవీకి గుచ్చే చిన్న స్టిక్ చాలు. పైగా కాపీరైట్ రక్షణ నిబంధనల వల్ల కొన్ని ఓటీటీలు కంప్యూటర్ బ్రౌజర్‌లో 4కె బొమ్మ ఇవ్వవు, స్టిక్‌లో ఇస్తాయి. స్టిక్ ఉండగా కంప్యూటర్ ఎందుకు అనే ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు ఒక్కటే: మన సొంత నిల్వ. హక్కుల గడువు తీరగానే ఓటీటీలోంచి వెళ్లిపోయే సినిమా, బీరువాలో దుమ్ము పట్టిన పెళ్లి డీవీడీ, తాతయ్య మాట వినిపించే పాత క్యాసెట్ రికార్డింగ్ ఏ స్టిక్‌లోనూ దొరకవు. ఇంట్లో ఇలాంటివి దాచుకోవడానికే కంప్యూటర్ కొంటున్నప్పుడు, దాచే హార్డ్ డిస్క్ కొటేషన్ అడుగున ఎందుకుండాలి?

ప్రాసెసర్ మీద పెట్టే డబ్బు తగ్గించుకోవచ్చనడానికి గట్టి కారణం ఉంది. కుదించిన వీడియోను విప్పే పనికి ప్రాసెసర్‌లోనే ప్రత్యేక విభాగం ఉంటుంది. ఇంటెల్ 2011లో క్విక్ సింక్ పేరుతో దీన్ని మొదలుపెట్టింది. 4కె సినిమాలకు వాడే హెచ్‌ఈవీసీ 10 బిట్ వీడియోను ఏడో తరం నుంచి, యూట్యూబ్ వాడే ఏవీ1ను 11వ తరం నుంచి ఈ చిప్‌లు సొంతంగా విప్పుతున్నాయి. 2023లో వచ్చిన ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ విద్యుత్ రేటింగ్ కేవలం 6 వాట్లు, అయినా ఈ రెండూ చేస్తుంది. గ్రాఫిక్స్ కార్డ్ ఉంటే పాత డీవీడీ బొమ్మకు పదును పెట్టవచ్చు కదా అంటారు. నిజమే, 720×576 చుక్కల బొమ్మను ప్రొజెక్టర్‌తో గోడంతా పరిస్తే ఆ తేడా తెలుస్తుంది. 43 అంగుళాల టీవీని పదడుగుల దూరం నుంచి చూసేవారికి మాత్రం టీవీ చేసే సవరణే సరిపోతుంది. బొమ్మ అదిరితే తప్పు ప్రాసెసర్‌దే అనుకోనక్కర్లేదు, చాలాసార్లు కారణం వేరే ఉంటుంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ 60 సార్లు మారుతుంది. ఒక ఫ్రేము మూడుసార్లు, మరొకటి రెండుసార్లు నిలవడంతో కెమెరా పక్కకు తిరిగినప్పుడల్లా దృశ్యం అదురుతుంది. సినిమాలు ఆడించే కోడీ సాఫ్ట్‌వేర్‌లో టీవీ రిఫ్రెష్ రేటును సినిమాకు తగ్గట్టు మార్చుకునే సెట్టింగ్ ఉంది, దానికి పైసా ఖర్చు లేదు.

అలా మిగిలిన డబ్బులో కొంత నిశ్శబ్దానికి కేటాయించాలి. నెత్తిన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతుంటే కంప్యూటర్ చప్పుడు ఎవరికి వినిపిస్తుందని అడగవచ్చు. సీలింగ్ ఫ్యాన్‌ది ఒకే తీరు శబ్దం, చెవి దానికి అలవాటు పడుతుంది. చిన్న ఫ్యాన్ కీచుమంటూ వేగం మారుస్తుంటే మెల్లగా చెప్పే డైలాగ్ దగ్గరే పట్టుబడుతుంది. అలాగని అసలు ఫ్యాన్ లేని పెట్టె కొని, మే నెల విజయవాడ ఎండల్లో తలుపులున్న టీవీ యూనిట్‌లో మూసిపెట్టడం మంచిది కాదు. నెమ్మదిగా తిరిగే 120 మిల్లీమీటర్ల ఫ్యాన్, గాలాడే క్యాబినెట్ మేలు.

ఇక నిల్వ. ఒక మామూలు డీవీడీ 4.7 జీబీ, అంటే 4 టీబీ డిస్క్‌లో 800కు పైగా పడతాయి. 4కె బ్లూరే అయితే ఒక్క డిస్కే 100 జీబీ దాకా ఉండవచ్చు, వేగం సెకనుకు 128 మెగాబిట్ల వరకూ వెళ్లవచ్చు. అలాంటివి వేరే గదిలోని డిస్క్ నుంచి చూడాలంటే 100 మెగాబిట్ల నెట్‌వర్క్ పోర్టు చాలదు, గిగాబిట్ అడగాలి. విండోస్ కోసం చిన్న ఎస్‌ఎస్‌డీ, 8 జీబీ ర్యామ్ చాలు. డీవీడీ డ్రైవ్ మాత్రం ఇప్పుడే కొనాలి, కొత్త ల్యాప్‌టాప్‌లలో అది కనిపించడం లేదు. హార్డ్ డిస్కులు రెండు తీసుకోవాలి. రెండోది కంప్యూటర్‌కు బిగించకుండా, కాపీ చేసి బీరువాలో పెట్టడానికి.